ఇంటికి పంపారు, మరి తర్వాతేంటి? ప్రొబేషన్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఓ పాఠకుడికి జవాబిస్తూ "చిన్న కేసుల్లో జైలుకి బదులు ప్రొబేషన్ అడగొచ్చు" అని ఒక్క లైను రాశాను, ఆ ఒక్క లైను మీదే ఇన్ని ప్రశ్నలు వచ్చాయి. ప్రొబేషన్ అంటే నేరం రుజువయ్యాక కూడా జైలుకి పంపకుండా, మంచిగా ఉండాలన్న షరతు మీద కోర్టు ఇంటికి పంపించడం. నేను చాలా ఏళ్ళు ప్రొబేషన్ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషిని, మన దగ్గర కోర్టు మెట్లెక్కిన కుటుంబాలకి కూడా ఈ చట్టం గురించి తెలియదని నాకు ఎప్పట్నుంచో బాధ. అందుకే ఈసారి పేజీ అంతా దీనికే పెట్టేశాను. పేర్లు ఎవరివీ వెయ్యట్లేదు.

ప్రశ్న: సార్, మా అబ్బాయికి 20 ఏళ్ళు. ఫ్రెండ్స్‌తో కలిసి పొలాల్లో మోటార్ల కేబుల్ వైరు కోసి అమ్మిన కేసు. తప్పు రుజువైందన్నారు కానీ జడ్జి గారు శిక్ష చెప్పకుండా ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు రావాలని వాయిదా వేశారు. ఆయన ఇంటికొస్తారంట. పోలీసుల్లాంటి వాళ్ళేనా? వాడు అప్పుడప్పుడు తాగుతాడు, ఆ మాట మాత్రం చెప్పొద్దని మా ఆడపడుచు అంటోంది. ఏమన్నా ఇచ్చుకోవాలా? – ఓ తల్లి, నంద్యాల జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీరు కంగారు పడకండి. ఆ రిపోర్టు అడిగారంటేనే మీవాడిని జైలుకి పంపకుండా ఉండే దారి ఉందేమోనని జడ్జి గారు చూస్తున్నారని అర్థం. 1958లో వచ్చిన ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్‌లో 6వ సెక్షన్ అని ఒకటుంది, 21 ఏళ్ళు నిండని వాళ్ళు యావజ్జీవం పడేంత పెద్దది కాని నేరంలో దొరికితే వాళ్ళని ఊరికే జైలుకి పంపడానికి లేదు, ముందు ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గర రిపోర్టు తెప్పించుకోవాలి, అది చూశాక కూడా జైలే కరెక్ట్ అనిపిస్తే ఎందుకు అనిపించిందో కారణాలు రాసి మరీ పంపాలి. ఇక్కడ వయసు లెక్క నేరం చేసిన రోజుది కాదు, కింది కోర్టు దోషి అని తేల్చిన రోజుది. సుప్రీంకోర్టు 1963లోనే ఈ సంగతి తేల్చేసింది. అంటే కేసు నాలుగైదేళ్ళు సాగితే ఆ వయసు దాటిపోయే పిల్లలు ఎంతమందో ఆలోచించండి, అందుకే వాయిదాల మీద వాయిదాలు అడగొద్దని నేను ఎప్పుడూ చెప్తుంటాను.

ఈ చట్టం గురించి మాట్లాడితే మన రాజమండ్రి మనిషి, తర్వాత దేశానికే చీఫ్ జస్టిస్ అయిన కోకా సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. 1964లో రతన్ లాల్ కేసులో 16 ఏళ్ళ కుర్రాడికి ఆరు నెలల జైలు, 200 రూపాయల జరిమానా పడితే, కింది కోర్టు శిక్ష వేసే నాటికి ఆ జిల్లాలో ఈ చట్టం అమల్లోకే రాలేదు, తర్వాత కొన్ని నెలలకి వచ్చింది. అయినా సరే అప్పీల్లో ఆ కుర్రాడికి చట్టం వర్తిస్తుందని సుబ్బారావు గారు తీర్పు రాశారు. వయసులో ఉన్నవాణ్ణి ముదిరిన నేరగాళ్ళ మధ్య పడేస్తే వాడూ ముదురుతాడు, అది జరక్కూడదనే ఈ చట్టం.

ఇక ఇంటికొచ్చే ఆఫీసర్ సంగతి. ఆయన పోలీసు కాదమ్మా. యూనిఫాం ఉండదు, లాఠీ ఉండదు, కేసు మళ్ళీ తవ్వడానికి రారు. మీవాడు చేశాడా లేదా అనేది కోర్టు తేల్చేసింది, ఆయన చూసేది వీడు ఎలాంటివాడు, ఇంటి పరిస్థితేంటి, వదిలితే ఎక్కడుంటాడు, ఏం పని చేస్తాడు, ఎవరు చూసుకుంటారు అని. చుట్టుపక్కల నలుగురిని అడుగుతారు, కిరాణా కొట్టతన్ని, చదివిన స్కూల్లో మాస్టారిని, పనిచేసిన చోట మేస్త్రీని. దానికి నామోషీ పడకండి.

ఒకసారి ఇలాంటి కేసులోనే ఓ ఇంటికి వెళ్ళాను. రేకుల ఇల్లు, వాళ్ళమ్మ నాకోసం పక్కింటినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది, కుర్రాడు తలుపు పక్కన తల దించుకుని నిలబడ్డాడు, ఏం అడిగినా "ఊఁ" తప్ప మాట లేదు. పావుగంట అయ్యాక గోడ మీద మేకుకి గుచ్చిన కాగితం ఒకటి కనబడింది, కరెంటు బిల్లనుకున్నా, లేచి చూస్తే ఐటీఐ హాల్ టికెట్, ఎలక్ట్రీషియన్ ట్రేడు. పరీక్ష రాశావా అంటే రాయలేదన్నాడు. ఎందుకంటే వాళ్ళమ్మ చెప్పింది, ఆ నెల వాళ్ళ నాన్నని ఆస్పత్రిలో పెట్టారు, ఫీజు బాకీ తీర్చే దారి లేదు, వీడు కాలేజీ మానేసి ఆ బ్యాచ్‌తో తిరగడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా నోరు తెరవని కుర్రాడు అక్కడ ఏడ్చాడు. నా రిపోర్టులో అన్నిటికన్నా బరువైన మాట అదే అయింది, ఒక్క పరీక్ష మిగిలి ఉంది, రాయిస్తే చేతికి పని వస్తుంది అని. జడ్జి గారు ఆ పరీక్ష పూర్తి చెయ్యాలని షరతే పెట్టారు. మేకుకి ఉన్న ఆ కాగితం ఎవరో తీసి లోపల దాచి ఉంటే నాకు తెలిసేది కాదు.

కాబట్టి తాగుడు సంగతి దాచొద్దమ్మా. మీరు దాచినా కిరాణా కొట్టు దగ్గర చెప్తారు, అప్పుడు ఇంట్లోవాళ్ళే అబద్ధం చెప్పారని ఆఫీసర్‌కి అనుమానం వస్తుంది, ఈ ఇంట్లో వీడి మీద కంట్రోల్ లేదని రాస్తారు. అదే మీరే ముందు చెప్పి, మానిపించడానికి ఏం చేస్తున్నారో చెప్తే ఆ మాట మీకే పనికొస్తుంది, మత్తు ముట్టకూడదని కోర్టు షరతు పెట్టి వదలడానికి చట్టంలోనే వీలుంది. రిపోర్టు కూడా కాన్ఫిడెన్షియల్, ఊళ్ళో టముకు వెయ్యరు, కావాలంటే అందులో సారాంశం మీవాడికి చెప్పి దాని మీద సాక్ష్యం చూపించుకునే ఛాన్స్ కోర్టు ఇవ్వచ్చు.

డబ్బులు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. మజ్జిగ ఇవ్వండి, చాలు. ఆధార్, రేషన్ కార్డు, స్కూల్ సర్టిఫికెట్లు, ఎవరైనా పనిలో పెట్టుకుంటామంటే వాళ్ళ చేత ఓ కాగితం రాయించి రెడీగా పెట్టుకోండి. లాయర్ ఫీజు కష్టంగా ఉందని ఉత్తరం చివర్లో రాశారు కదా, జిల్లా కోర్టులోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఫ్రీ లాయర్ కోసం 15100కి ఫోన్ చెయ్యొచ్చు.

ప్రశ్న: నమస్తే సార్. నాకు 24. కొట్లాట కేసులో రెండేళ్ళు ప్రొబేషన్ ఇచ్చి బాండ్ రాయించుకున్నారు, నెలకోసారి ఆఫీసుకొచ్చి కనబడమన్నారు. కేటరింగ్ పని మీద బెంగుళూరు వెళ్ళి రెండు నెలలు మిస్సయ్యాను. ఇప్పుడు వెళ్తే పట్టుకుంటారేమోనని భయంగా ఉంది. నంబర్ మార్చేద్దామనుకుంటున్నా. – ఓ తమ్ముడు, అనంతపురం

జవాబు: తమ్ముడూ, నంబర్ మార్చొద్దు, ఈ పత్రిక పక్కన పెట్టి రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళు. నిజంగా చెప్తున్నా, నా సర్వీసులో ప్రొబేషన్ చెడగొట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఇంకో నేరం చేసి కాదు, నీలాగే ఒక నెల మిస్సయి, ఆ మొహం చూపించలేక రెండో నెల మిస్సయి, ఆ తర్వాత ఊరే వదిలేసి చెడగొట్టుకున్నారు.

అసలు నువ్వు సంతకం పెట్టిందేంటో ఒకసారి చూసుకో. నీ చేతిలో సూపర్విజన్ ఆర్డర్ (ఆఫీసర్ కనుసన్నల్లో ఉండాలని కోర్టు రాసిన కాగితం) కాపీ ఉండాలి, నీకొకటి, జామీను ఉన్నవాళ్ళకొకటి, ప్రొబేషన్ ఆఫీసర్‌కొకటి కోర్టే ఇవ్వాలి, షరతులు విప్పి చెప్పాలి కూడా. హడావిడిలో బెంచి క్లర్కు టేబుల్ దగ్గర ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం పెట్టేసి బయటపడటమే మనవాళ్ళు చేసేది, కాగితం చదివేవాళ్ళు తక్కువ. అందులో ఉన్నదల్లా ఇదీ: నీ నేరం రుజువైంది, శిక్ష మాత్రం ఇప్పుడు చెప్పట్లేదు, ఫలానా కాలం మంచిగా ఉంటానని బాండ్ రాశావు, ఆ కాలంలో ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చి శిక్ష తీసుకుంటానని ఒప్పుకున్నావు. ఆ బాండ్ మూడేళ్ళకి మించి ఉండదు, ఆఫీసర్ సూపర్విజన్‌లో పెడితే అది ఏడాదికి తక్కువ ఉండదు. అంటే నీ శిక్ష ఎక్కడికీ పోలేదు, కోర్టు ఫైల్లోనే ఉంది.

షరతు తప్పావని ఆఫీసర్ రాసినా, వేరే ఎవరి ద్వారా తెలిసినా 9వ సెక్షన్ కింద కోర్టు సమన్లు పంపచ్చు, నేరుగా వారెంటే ఇవ్వచ్చు, విచారణ అయ్యేదాకా రిమాండ్‌లోనూ ఉంచచ్చు. తప్పావని తేలితే పాత నేరానికే శిక్ష వేస్తారు. కానీ అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, మొదటిసారి తప్పిన వాళ్ళకి బాండ్ అలాగే ఉంచి 50 రూపాయల లోపు జరిమానాతో వదలచ్చు. 50 రూపాయలే! 1958లో రాసిన అంకె ఇంకా అలాగే ఉంది. నువ్వంతట నువ్వే వెళ్ళి చెప్పుకుంటే ఈ దారి దొరికే ఛాన్స్ చాలా ఎక్కువ, వారెంట్ మీద బెంగుళూరు నుంచి పట్టుకొస్తే అదే మాట నేను చెప్పలేను.

కేటరింగ్ వాళ్ళు ఇచ్చిన డబ్బుల మెసేజ్‌లు, బస్సు టికెట్లు, ఏముంటే అవి తీసుకెళ్ళు, పనికే వెళ్ళానని చూపించు. బెంగుళూరులోనే పని దొరుకుతుందంటే దొంగచాటుగా వెళ్ళక్కర్లేదు, షరతులు మార్చమని కోర్టుకి అడిగే వీలు 8వ సెక్షన్లో ఉంది, ఆఫీసర్‌తో మాట్లాడి అర్జీ పెట్టించు. చట్టం ప్రకారం ఆఫీసర్ డ్యూటీల్లో నీకు పని చూపించడానికి ప్రయత్నం చెయ్యడం కూడా ఒకటి, ఈ సంగతి చాలామందికి తెలియదు. అలాగే నువ్వు బాగా ఉన్నావు, ఇక సూపర్విజన్ అక్కర్లేదు అని ఆఫీసర్ రాస్తే గడువుకి ముందే బాండ్ రద్దు చెయ్యచ్చు. నేను అలా రాసినవి ఉన్నాయి.

నెలకోసారి వచ్చి సంతకం పెట్టి వెళ్ళడం దండగ అనిపిస్తుంది కదా. రిజిస్టర్లో సంతకం చూడటానికి మేం కూర్చోం. ఓ అబ్బాయి ప్రతి నెలా వచ్చి "పనికెళ్తున్నా సార్" అనేవాడు, నేను మాట్లాడుతూ వాడి చేతులు చూసేవాణ్ణి, వేళ్ళ సందుల్లో గ్రీజు ఉంటే మెకానిక్ షెడ్‌కి వెళ్తున్నట్టే. ఒక నెల చేతులు తెల్లగా ఉన్నాయి. ఏంట్రా అంటే ఓనర్‌తో గొడవపడి మానేశానన్నాడు, వారం అయింది, పాత ఫ్రెండ్స్ ఫోన్లు చేస్తున్నారంట. ఆ సాయంత్రమే షెడ్‌కి వెళ్ళి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. అదీ సూపర్విజన్ అంటే. ఒక్కో ఆఫీసర్ నెత్తి మీద ఎంతమందిని పెడితే ఇలా చేతులు చూసే తీరిక దొరుకుతుందో పైవాళ్ళు ఆలోచించాలి, పోస్టులు ఖాళీగా పెట్టి చట్టం పనిచెయ్యట్లేదంటే ఎలా పనిచేస్తుంది?

ప్రశ్న: ప్రొబేషన్, పెరోల్, బెయిల్ మూడూ ఒకటేనా? టీవీలో కలిపి మాట్లాడతారు. – ఓ డిగ్రీ స్టూడెంట్, వరంగల్

జవాబు: ఒకటి కావు. బెయిల్ అంటే కేసు తేలకముందు, లేదా అప్పీల్ నడుస్తున్నప్పుడు బయట ఉండటం. పెరోల్ అంటే శిక్ష పడి జైల్లో ఉన్నవాణ్ణి ఇంట్లో చావో పెళ్ళో జబ్బో ఉందని కొన్నాళ్ళు పంపించడం, దాన్ని ప్రభుత్వం, జైలు వాళ్ళు చూస్తారు, మళ్ళీ లోపలికి వెళ్ళాలి. ప్రొబేషన్ కోర్టు ఇచ్చేది, నేరం రుజువయ్యాక జైలుకి పంపకుండానే సొంత ఊళ్ళో, సొంత ఇంట్లో కనిపెట్టి ఉంచడం. అన్నట్టు ఈ ఆలోచన మొదలుపెట్టింది చెప్పులు కుట్టే ఆయన, అమెరికాలో బోస్టన్‌లో జాన్ ఆగస్టస్ అని, 1841లో కోర్టులో ఓ తాగుబోతుని చూసి జాలిపడి నా పూచీ మీద వదలండి, మారుస్తాను అని తీసుకెళ్ళాడు. మనకీ కొత్తేం కాదు, ఆంధ్ర జిల్లాలు మద్రాసులో ఉన్నప్పుడే 1936 నాటి మద్రాస్ ప్రొబేషన్ చట్టం ఉండేది.

ఇంకోటి గుర్తుపెట్టుకో, ఇప్పటి 1958 చట్టంలో 3వ సెక్షన్ కింద చిన్న దొంగతనం, రెండేళ్ళలోపు శిక్ష ఉండే నేరాలు, ముందు ఏ కేసులోనూ దోషిగా తేలి ఉండకపోతే, గట్టిగా మందలించి బాండ్ కూడా లేకుండా పంపించేయచ్చు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన కొత్త న్యాయ సంహితలో సమాజ సేవ శిక్ష కూడా చేరింది, మొదటిసారి 5000 రూపాయల లోపు దొంగతనం చేసి సొమ్ము తిరిగిచ్చేస్తే జైలు బదులు అదే.

ప్రశ్న: మాది టిఫిన్ బండి. రెండు గ్యాస్ సిలిండర్లు, పెద్ద స్టవ్ ఒకడు ఎత్తుకుపోయాడు. సిలిండర్లు దొరికాయి, స్టవ్ అమ్మేసుకున్నాడు. కేసు రుజువై కూడా మంచిగా ఉండమని వదిలేశారు. వాడు రోజూ మా బండి ముందు నుంచే బండేసుకుని పోతుంటాడు. వాడికి చట్టం, వాడికి ఆఫీసరు, మరి నాకెవరున్నారు? – ఓ సోదరి, విజయనగరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. మీ కోపం న్యాయమైనది. మాలాంటి వాళ్ళం నేరం చేసినవాడి ఇంటికి వెళ్ళి వాడి కష్టసుఖాలు అడుగుతాం, సొమ్ము పోయినవాళ్ళ గడప మాత్రం తొక్కం. నేను కూడా మొదట్లో అలాగే చేశాను, ఆ తర్వాత మార్చుకున్నాను, రిపోర్టు రాసేముందు పోగొట్టుకున్నవాళ్ళతో ఓ మాట మాట్లాడకుండా రాసేవాణ్ణి కాదు.

మీకున్న దారి చెప్తాను. అదే చట్టంలో 5వ సెక్షన్ ఉంది, ప్రొబేషన్ మీద వదిలేటప్పుడే నష్టపోయినవాళ్ళకి సరైన నష్టపరిహారం, కేసు ఖర్చులు కట్టమని కోర్టు ఆర్డర్ వెయ్యచ్చు, కట్టకపోతే జరిమానా లాగే వసూలు చేస్తారు. ఆ డబ్బు వాడి చేత కట్టించడంలో సాయం చెయ్యడం ప్రొబేషన్ ఆఫీసర్ డ్యూటీ అని కూడా రాసుంది. మీ కేసులో అలాంటి ఆర్డర్ ఉందో లేదో తీర్పు కాపీ తెప్పించి చూడండి. ఉండి కట్టకపోతే నేరుగా ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి చెప్పండి. పరిహారం మరీ తక్కువ ఇచ్చారనుకుంటే దాని మీద అప్పీలు వేసుకునే హక్కు బాధితులకి చట్టం ఇచ్చింది, అసలు ఇవ్వనే లేదంటే ఏ దారిలో అడగాలో పైన చెప్పిన న్యాయసేవాధికార సంస్థలోనే అడగండి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఇస్తారు. గడువు దాటిపోకుండా త్వరగా వెళ్ళండి. వాడు మీ బండి దగ్గర ఆగి బెదిరించినా, వెకిలిగా మాట్లాడినా అది కూడా ఆఫీసర్‌కి, పోలీసులకి చెప్పండి, బాండ్ మీద ఉన్నవాడికి అది చాలా పెద్ద విషయం.

వాణ్ణి జైల్లో పెట్టి ఉంటే మీ స్టవ్ వచ్చేదా అని చాలామంది అంటారు, నేను మీతో ఆ మాట అనను. స్టవ్ ఖరీదు వాడి చేత పని చేయించి కట్టించి ఉండాల్సింది. అలా చెయ్యని ప్రొబేషన్ సగం ప్రొబేషనే.

ప్రశ్న: లారీ డ్రైవర్‌ని. యాక్సిడెంట్‌లో ఒకాయన చనిపోయాడు. మా క్లీనర్ మీద గంజాయి కేసుంది. మా ఇద్దరికీ ప్రొబేషన్ వస్తుందా? – సూర్యాపేట

జవాబు: అన్నా, నీకు ఉన్నదున్నట్టు చెప్తా. యాక్సిడెంట్ చావు కేసుల్లో చట్టం నేరుగా అడ్డుపడదు గానీ, 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అజాగ్రత్త డ్రైవింగ్‌తో ప్రాణం తీసిన వాళ్ళకి ప్రొబేషన్ ఇవ్వకూడదన్నట్టే గట్టిగా చెప్పింది, అప్పట్నుంచి కోర్టులు ఆ మాటే పట్టుకుంటున్నాయి. ఆశ పెట్టుకోవద్దు, లాయర్‌తో కేసు బలంగా చూసుకో. గంజాయి చట్టంలో అయితే 33వ సెక్షన్ 18 ఏళ్ళు దాటినవాళ్ళకి ప్రొబేషన్ లేదంటుంది, ఒక్క వాడకం లాంటి చిన్న సెక్షన్లకి తప్ప. మీ క్లీనర్ అమ్మలేదు, తాగడమే చేశాడు, అలవాటు పడిపోయాడు అంటే 39వ సెక్షన్ కింద ట్రీట్‌మెంట్‌కి వెళ్తానని బాండ్ రాసి బయటపడే దారి ఉంది, అది అడగమనండి. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టంలోనూ 18 దాటినవాళ్ళకి ఈ సదుపాయం లేదు, ఉండకూడదు కూడా.

ప్రశ్న: మా ఆయన ప్రభుత్వ ఆఫీసులో అటెండర్. పక్కింటివాళ్ళతో గొడవలో కేసై ప్రొబేషన్ ఇచ్చారు. ఉద్యోగానికి ఏం కాదని లాయర్ గారు అన్నారు, ఇప్పుడు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. – ఓ ఇల్లాలు, ఏలూరు

జవాబు: లాయర్ గారు ప్రొబేషన్ చట్టంలో 12వ సెక్షన్ చూసి చెప్పి ఉంటారమ్మా. ప్రొబేషన్ మీద వదిలితే ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు అని అందులో ఉంది నిజమే, కానీ అది వేరే చట్టాల్లో ఉండే అనర్హతల గురించి. నేరం రుజువైందన్నది మాత్రం అలాగే ఉంటుంది, ఆ ప్రవర్తన మీద డిపార్ట్‌మెంట్ చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1985లోనూ 1990లోనూ చెప్పింది.

అయితే 1985 కేసు మీ ఆయన లాయర్‌కి తప్పకుండా చూపించండి. శంకర్ దాస్ అని ఢిల్లీ మిల్క్ స్కీమ్‌లో క్యాష్ క్లర్కు, 500 రూపాయలు కట్టలేదని కేసు, ఇంట్లో మీద మీద వచ్చి పడిన కష్టాలు చూసి మేజిస్ట్రేట్ ప్రొబేషన్ ఇచ్చాడు, ఆఫీసు ఉద్యోగం నుంచి తీసేసింది. సుప్రీంకోర్టు ఏమందంటే తీసేసే అధికారం ఉంది, కానీ ఉంది కదా అని వాడెయ్యకూడదు, తప్పుకి తగినట్టు న్యాయంగా వాడాలి, ఇది న్యాయం కాదు అని జీతం బకాయిలతో సహా ఉద్యోగంలోకి తీసుకోమంది. కాబట్టి నోటీసుకి గడువులోగా జవాబు ఇవ్వండి, ప్రొబేషన్ ఆర్డర్ కాపీ, గొడవ ఎలా జరిగింది, సర్వీసు రికార్డు అన్నీ పెట్టండి. ఊరుకుంటే మాత్రం వాళ్ళ మాటే మిగులుతుంది. కొత్త ఉద్యోగాలకి అప్లై చేసే పిల్లలకి కూడా ఇదే చెప్తున్నా, ఫారంలో కేసులున్నాయా అని అడిగితే ఉన్నది రాయండి, దాచారని తెలిస్తే కేసు కంటే దాచడమే పెద్ద తప్పయి కూర్చుంటుంది.

ప్రశ్న: మా వాడు టెక్సాస్‌లో ఎమ్మెస్. స్టోర్‌లో బిల్లు వెయ్యకుండా సామాను తెచ్చాడని కేసు. అక్కడి లాయర్ ఒప్పేసుకుంటే డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ప్రొబేషన్ ఇస్తారు, పూర్తయ్యాక కన్విక్షన్ (దోషి అన్న ముద్ర) ఉండదు అంటున్నాడు. ఒప్పుకోమందామా? డిసెంబర్‌లో వాళ్ళక్క పెళ్ళి. – ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: అన్నగారూ, సంతకం పెట్టకముందే మీ వాడికి ఈ పేరా ఫోటో తీసి పంపండి. టెక్సాస్ లెక్కలో అది కన్విక్షన్ కాకపోవచ్చు, కానీ అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్క వేరు. నేరం ఒప్పుకున్నా, "నో కాంటెస్ట్" (ఒప్పుకోను, ఎదురూ చెప్పను) అన్నా, దానికి తోడు కోర్టు ప్రొబేషన్ లాంటి ఏ ఆంక్ష పెట్టినా ఇమ్మిగ్రేషన్ వాళ్ళు దాన్ని కన్విక్షన్ కిందే లెక్కేస్తారు. దొంగతనం కేసంటే వీసాకి మరీ ఇబ్బంది. అందుకే క్రిమినల్ లాయర్ ఒక్కడి మాట చాలదు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి కూడా చూపించి అప్పుడు తేల్చుకోమనండి. ఒప్పుకుంటే దేశం నుంచి పంపించే ప్రమాదం ఉందేమో క్లయింట్‌కి చెప్పి తీరాలని వాళ్ళ సుప్రీంకోర్టే 2010లో పడియా కేసులో చెప్పింది, కాబట్టి గట్టిగా అడగడానికి మొహమాటం అక్కర్లేదు. నేరం ఒప్పుకోకుండానే కేసు పక్కన పెట్టే డైవర్షన్ ప్రోగ్రాం ఏమన్నా దొరుకుతుందా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

అక్కడ ప్రొబేషన్ మన దగ్గరిలా తేలిగ్గా కూడా ఉండదు, ఆఫీసర్‌ని కలవడం, నెలనెలా ఫీజు, సమాజ సేవ గంటలు, పర్మిషన్ లేకుండా ఊరు దాటకూడదు. తప్పితే జడ్జి ఆ నేరానికి ఉన్న పూర్తి శిక్ష వెయ్యచ్చు. పెళ్ళికి రావడం అంటే ప్రొబేషన్ పర్మిషన్ ఒకటి, తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆపుతారా అన్నది ఇంకొకటి, రెండూ తేలకుండా టికెట్ బుక్ చెయ్యద్దు. ఇంకో మాట, వాడు మీకు చెప్పాడు, అది చాలా పెద్ద విషయం. అక్కడ ఒక్కడే రూములో ఉన్న పిల్లాడు, పరువు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు, రోజూ ఒకసారి వీడియో కాల్ చెయ్యండి.

ప్రశ్న: మా అక్క కొడుక్కి కోర్టులో జామీను ఉండమంటున్నారు, ప్రొబేషన్ బాండంట, మూడేళ్ళు. సంతకం పెట్టొచ్చా? వాడు తప్పు చేస్తే నన్ను జైల్లో వేస్తారా? – ఓ మేనమామ, గుంటూరు

జవాబు: వాడు షరతు తప్పితే వాడి నేరానికి మిమ్మల్ని జైల్లో వెయ్యరు, కానీ బాండ్‌లో రాసిన డబ్బు కట్టమని కోర్టు మిమ్మల్ని అడగొచ్చు. కాబట్టి ఆ అంకె ఎంతో చూసి, కట్టగలిగేదైతేనే పెట్టండి. వాడికో, జామీను ఉన్నవాళ్ళకో స్థిరమైన ఇల్లో పనో ఉండాలని చట్టం చూస్తుంది కాబట్టి ఇంటి పన్ను రసీదు, ఆధార్ తీసుకెళ్ళండి. సూపర్విజన్ ఆర్డర్ కాపీ మీకూ ఒకటి రావాలని పైన చెప్పాను కదా, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, అందులో వాడు ఏ ఊళ్ళో ఉండాలి, ఏ తేదీన ఆఫీసుకి వెళ్ళాలి అన్నీ ఉంటాయి. మధ్యలో వాడు మాట వినట్లేదు, ఇక నా వల్ల కాదు అనిపిస్తే జామీను నుంచి తప్పించమని కోర్టుకి అర్జీ పెట్టుకోవచ్చు, డబ్బు మీద పడేదాకా ఆగక్కర్లేదు.

ఇంకా ఒకటి చెయ్యండి మామగారూ. ఆ రిపోర్టింగ్ తేదీ మీ ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి, మొదటి మూడు నెలలు మీరే బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళండి, ఆఫీసర్‌తో మీ నంబర్ రాయించండి. వాడు లోపల మాట్లాడుతున్నంతసేపు మీరు బయట బెంచీ మీదే కూర్చోండి, లోపలికి వెళ్ళొద్దు, వాడి మాట వాణ్ణే చెప్పుకోనివ్వండి. తిరిగొచ్చేటప్పుడు దారిలో టీ తాగించండి.